మడతల కింద మనిషి: వస్త్రాభ్యాస చిత్రాలు గీసే పద్ధతి

ఇటలీ పునరుజ్జీవన కాలపు చిత్రకారులు పెద్ద చిత్రానికి పూనుకొనే ముందు దేహాన్ని ఒక కాగితంపైనా, దానిపై పడే వస్త్రాన్ని మరో కాగితంపైనా విడివిడిగా గీసి చూసుకొనేవారు. వస్త్రాన్ని గీయడం నేర్చుకోదలచినవారికి ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు.

ముందు దేహంతో మొదలుపెట్టాలి. వాటికన్‌లోని సిస్టైన్ చాపెల్ ప్రార్థనామందిరపు పైకప్పు మీది లిబియా సిబిల్ (పురాతన గాథల్లోని ఒక భవిష్యవాణి చెప్పే స్త్రీ) కోసం మైకెలాంజెలో ఎర్ర సుద్దతో గీసిన అభ్యాసచిత్రం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. పైకప్పు మీద ఆమె వస్త్రాలు ధరించిన స్త్రీ. కాగితం మీద కనిపించేది మాత్రం దుస్తులు లేని ఒక పురుషుని వీపు. బరువు మోసే కాలి వేళ్లను మైకెలాంజెలో అదే కాగితంపై మళ్లీ మళ్లీ గీసుకున్నాడు. మీరు కూడా భంగిమను తేలిక గీతలతో గీసుకొని, బట్ట ఆనే చోట్లను, అంటే భుజాలు, తుంటి, మోకాళ్లను, గుర్తు పెట్టుకోండి.

మనిషి ఊపిరి పీల్చినా మడత మారుతుంది. అందుకే లియొనార్డో యౌవనంలో మట్టిబొమ్మలు చేసి, మట్టిలో తడిపిన మెత్తని గుడ్డలను వాటిపై కప్పి, సన్నని నారవస్త్రంపై కుంచె మొనతో నలుపు తెలుపుల్లో చిత్రించేవాడని ఇటలీ చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వసారి రాశాడు. మన ఇళ్లలో ఆ పని గంజి చేస్తుంది. నూలు పంచెను చిక్కని గంజిలో ముంచి, భంగిమకు తగినట్లు కుర్చీపైనో బొమ్మపైనో వేసి, రాత్రంతా ఆరనివ్వండి. జార్జెట్ జారిపోతుంది కనుక పనికిరాదు. కిటికీ వెలుగు గంట గంటకూ మారుతుంది కాబట్టి, ఒక పక్క నుంచి కొంచెం ఎత్తులో ఒకే దీపం ఉంచి మిగిలినవి ఆర్పేయండి.

కాగితం తెల్లగా ఉండకూడదు. వియన్నాలోని అల్బెర్టీనా మ్యూజియంలో ఉన్న, జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1508లో గీసిన జోడించిన చేతుల చిత్రం నీలి కాగితంపై ఉంది. అక్కడ కాగితపు రంగే మధ్య ఛాయ, నల్లని గీతలు నీడను, తెల్లని గీతలు వెలుగును మాత్రమే చెబుతాయి. బూడిదరంగు కాగితం తీసుకొని ముందు నీడలు వేసి, తెలుపును చివరికి దాచుకోండి. నలుపూ తెలుపూ ఒకదానిలో ఒకటి కలిస్తే బురదరంగు వస్తుంది.

అసలు కష్టం మడతల దగ్గరే ఉంది. అంచుల నుంచి కాక, బట్ట ఆనిన చోటు నుంచి గీయడం మొదలుపెట్టాలి. ఒకే చోట ఆనిన బట్ట మడతలు విసనకర్ర పుల్లల్లా విచ్చుకుంటాయి. రెండు చోట్ల ఆనితే నడుమ ఉయ్యాలలా కిందికి జారుతుంది. నేలను తాకినప్పుడు కోణాలుగా విరుగుతుంది. ప్రతి మడతకూ వెలుగు పడే శిఖరం, మెల్లగా తిరిగే పక్క, లోతైన నీడ ఉంటాయి; ఆ నీడలోకి పక్క మడత నుంచి కొంత వెలుగు తిరిగి వస్తుంది, దాన్ని మాత్రం శిఖరమంత తెల్లగా వేయకూడదు. మడతకు ఒక అంచు పదునుగా, రెండోది మెత్తగా ఉండటం గమనించండి. కొత్తలో నేను కనిపించిన ప్రతి ముడతనూ గీసి, పంచెను నలిపిన కాగితంలా మార్చాను. పెద్ద మడతలు కుదిరేదాకా చిన్నవాటి జోలికి పోకపోవడం మేలు.

చివరగా, దేహపు గీతలను పలుచని కాగితంపైకి ఎత్తి వస్త్రచిత్రంపై పరచి చూడండి. మోకాలు ఉండవలసిన చోట వెలుగు శిఖరం లేకపోతే, పంచెను మళ్లీ గంజిలో ముంచి కొత్తగా వేసుకోవలసిందే.