ఎండలు ముదరక ముందే కుండీ మర్రికి తీసుకోవలసిన జాగ్రత్తలు

గత ఆదివారం మహబూబ్‌నగర్‌లో మా పక్క వీధిలోని ఒక ఇంట్లో ఎనిమిదేళ్లుగా పెరుగుతున్న కుండీ మర్రి చచ్చిపోయింది. కుండీని పక్కకు వాల్చి, అంచును తట్టి, చెట్టును బయటికి తీసి చూస్తే పైమట్టి ఎండకు పెచ్చుకట్టి ఉంది గాని, అడుగున అంతా పుల్లటి కంపు కొట్టే బురదే. ఒక వేరును రెండు వేళ్ల మధ్య పట్టి లాగితే పైతోలు ఊడి చేతికి వచ్చి, లోపల దారంలాంటి ఈనె మాత్రం మిగిలింది. "ఆకులు రాలుతుంటే దూప అయితుందేమో అనుకున్న బిడ్డా, పొద్దున మాపున చెంబెడు పోసిన" అని ఆ ఇంటి పెద్దమ్మ బాధపడింది. ఈ తప్పు ఆమె ఒక్కరిదే కాదు. నేను చూసిన కుండీ మర్రుల్లో ఎండకు చచ్చినవాటి కంటే, ఎండాకాలంలో నీళ్లు ఎక్కువై చచ్చినవే ఎక్కువ.

ఫైకస్ బెంజమినా, జిన్‌సెంగ్ ఫైకస్ అనే పేర్లతో నర్సరీల్లో అమ్మే ఈ చిన్న చెట్లు మన మర్రి, రావి, మేడిల జాతివే. వీటిలో, ముఖ్యంగా బెంజమినాకు, ఒక గుణం ఉంది. చోటు మారినా, వెలుతురు తగ్గినా, కూలర్ గాలి నేరుగా తగిలినా ఆకులు రాల్చేస్తుంది. మార్చి చివర ఎండకు జడిసి మనం కుండీని మిద్దె మీది నుంచి హాల్లోకి మారుస్తాము. వారం పది రోజుల్లో పచ్చి ఆకులు కూడా నేల మీద పడతాయి. అది దాహం కాదు, అలక. ఆ సమయంలో నీళ్లు గుమ్మరిస్తే మట్టిలోని గాలి సందులు నిండిపోయి, వేర్లకు ఊపిరాడక కుళ్లు మొదలవుతుంది. కుళ్లిన వేరు నీటిని పైకి పంపలేదు కనుక తడిమట్టిలో ఉండి కూడా చెట్టు వాడుతుంది. వాడిందని మనం మళ్లీ నీళ్లు పోస్తాము.

కాబట్టి ఆకు రాలినప్పుడు చెంబు అందుకోకండి, వేలు పెట్టి చూడండి. చూపుడు వేలిని రెండో కణుపు దాకా మట్టిలోకి దించినప్పుడు చెమ్మ తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు. పొడిగా ఉంటే ఉదయం పూట, అడుగు రంధ్రం నుంచి కారే దాకా నింపాదిగా పోసి, పళ్లెంలో చేరిన నీటిని పారబోయాలి. నిలిచిన నీరు వేర్లకు చేటు, దోమలకు పుట్టినిల్లు.

మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి మహావృక్షం కొన్ని వందల ఏళ్లుగా ఇదే ఎండను తట్టుకుంది కదా, దీనికెందుకు ఇంత మురిపెం అని మా ఊళ్లో అడిగేవారున్నారు. ఆ చెట్టు ఎకరాల కొద్దీ నేలలోకి ఊడలు దించుకుంది. దీనికి ఉన్నది జానెడు కుండీ. మే నెలలో నల్గొండలో 44, 45 డిగ్రీల ఎండ కాసినప్పుడు నల్ల ప్లాస్టిక్ కుండీ గోడకు ఆనుకున్న వేర్లు ఉడికిపోతాయి. తొమ్మిది గంటల దాకా ఎండ తగిలి, ఆపై నీడ ఉండే చోటు చూసి ఇప్పుడే మార్చండి, మార్చాక జూన్ దాకా కదపకండి. కుండీని నేరుగా స్లాబు మీద కాక రెండు ఇటుకల మీద ఎత్తి ఉంచి, చుట్టూ గోనెసంచి కట్టండి.

వట్టి ఎర్రమట్టి ఎండితే ఇటుకలా బిగుస్తుంది, వట్టి రేగడి నీటిని వదలదు. అయినా మట్టి మార్చే పని ఇప్పుడు పెట్టుకోకండి, మృగశిర దాటి వానలు పడ్డాక చూసుకోవచ్చు. అడుగు రంధ్రం పూడుకుపోయి ఉంటే పుల్లతో పొడిచి తెరవండి. మిట్టమధ్యాహ్నం ట్యాంకు నల్లా తిప్పి నేరుగా పట్టకండి, ఆ నీళ్లు చేతికే కాలుతాయి. కూలర్ అడుగున మిగిలిన నీళ్లు అసలే పోయకండి. మన బోరు నీటిలోని ఉప్పంతా ఆవిరి కాగా మిగిలి అందులో పేరుకుంటుంది. ఎరువు వేయకండి. కొమ్మలు కత్తిరించకండి, తప్పనిసరైతే చేతికి తొడుగు వేసుకోండి, ఆ పాలు తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి, కంట్లో పడితే మంటపెడతాయి. ఆకు అడుగున సన్నని గూడు కనిపిస్తే ఎర్రనల్లి చేరినట్టు. నీటి జల్లుతో కడగండి. వేపనూనె చల్లవలసి వస్తే సాయంత్రమే చల్లండి. పిట్టగోడ మీద కుండీ పెట్టకండి. ఏప్రిల్‌లో గాలిదుమారం లేస్తే అది కింద నడిచేవారి తల మీద పడుతుంది. ఊరికి పోతూ పళ్లెం నిండా నీళ్లు పోసి పోకండి. పక్కింటివారికి అప్పగిస్తే వేలు పెట్టి చూడడం నేర్పి మరీ అప్పగించండి. ఆకు రాలిందని వారు ఫోన్ చేస్తే నీళ్లు పోయమని చెప్పకండి.

ఆకులన్నీ రాలిపోయినా చెట్టును పారేయకండి. కొమ్మను గోటితో గీకి, తోలు కింద పచ్చదనం ఉందేమో చూడండి. ఉంటే అది బతికే ఉంది; ఆకు లేని చెట్టు తాగే నీరు ఇంకా తక్కువ కనుక, చిగురు కనిపించే దాకా వేలికి పొడి తగిలిన రోజున మాత్రమే, అదీ కాస్తంతే, పోయండి.