లండన్ బజార్లో ఇంగ్లీషు: గిన్నె దగ్గర మొదలుపెట్టండి

నేను లండన్ వచ్చి ఆరేళ్లయింది. మాది తెనాలి. పదో తరగతి దాకా తెలుగు మీడియం. డిగ్రీ అయ్యేసరికి ఇంగ్లీషు చదివితే అర్థమయ్యేది, రాస్తే పెద్దగా తప్పులు దొర్లేవి కావు. నోరు మాత్రం పెగిలేది కాదు. వచ్చిన కొత్తలో నాలుగు నెలలు సూపర్‌మార్కెట్‌లో సెల్ఫ్ చెకవుట్ దగ్గర సరుకులు నేనే స్కాన్ చేసుకుని, కార్డు ఆనించి, ఒక్క ముక్క మాట్లాడకుండా ఇంటికి వచ్చేసేదాన్ని. ఆ మెషీన్ "అనెక్స్‌పెక్టెడ్ ఐటమ్ ఇన్ ద బ్యాగింగ్ ఏరియా" (సంచి పెట్టే చోట లెక్కలో లేని వస్తువేదో ఉంది) అన్నప్పుడల్లా దొంగతనం చేసి దొరికిపోయినంత టెన్షన్.

ఇప్పుడు లండన్ తూర్పు వైపున మేముండే ఈస్ట్‌హామ్‌లో కొత్తగా దిగిన అమ్మాయిలు, మనవళ్లను చూసుకోవడానికి ఆరు నెలలకని వచ్చిన పిన్నిగార్లు "ఇంగ్లీషు క్లాసు ఎక్కడ బాగుంటుంది?" అని అడుగుతుంటారు. క్లాసుకు వెళ్లండి, మంచిదే. దాంతోపాటు వారానికోసారి బజారుకు కూడా వెళ్లమంటాను. అయితే ఏ బజారంటే ఆ బజారు కాదు. నోరు విప్పకుండా కొనుక్కోగలిగే చోట ఎన్నేళ్లు కొన్నా మాట రాదు. అడిగితే గానీ సరుకు చేతికి రాని చోటు వెతుక్కోవాలి.

నా లెక్కలో మొదటి మెట్టు అప్టన్ పార్క్‌లోని క్వీన్స్ మార్కెట్. ట్యూబ్ (లండన్ మెట్రో రైలు) డిస్ట్రిక్ట్ లైన్లో అప్టన్ పార్క్ స్టేషన్ దిగి గ్రీన్ స్ట్రీట్ మీదకు వస్తే పక్కనే ఉంటుంది. మంగళ, గురు, శుక్ర, శని వారాల్లో నడుస్తుంది. కూరగాయలు గిన్నెల్లో పెట్టి అమ్ముతారు. పచ్చిమిరపకాయలు ఒక గిన్నె, టమాటాలు ఒక గిన్నె, అల్లం ఒక గిన్నె. మనం చూపించిన గిన్నెను కవర్లోకి వంచేస్తారు, తూకం గీకం ఉండదు. మొదటిసారి వెళ్లినప్పుడు ఒకాయన "పానబౌ, పానబౌ" అని అరుస్తున్నాడు. అది ఇంగ్లీషే అనుకోలేదు నేను. పది నిమిషాలు నిలబడి వింటే తెలిసింది, "పౌండ్ ఎ బౌల్" అట. గిన్నె పౌండు. మన బజారులో "కిలో ఇరవై, కిలో ఇరవై" అన్నట్టే, అదే రాగం. ఇప్పుడు చాలావాటికి ఆ ధర లేదు గానీ గిన్నె పద్ధతి అలాగే ఉంది.

ముందు వెళ్లగానే కొనకండి. ఓ పావుగంట నిలబడి ధరలు వినండి. "వన్ ఎయిటీ" అంటే నూట ఎనభై కాదు, ఒక పౌండు ఎనభై పెన్నీలు. పెన్నీని "పీ" అంటారు, యాభై పెన్నీలంటే "ఫిఫ్టీ పీ". అయిదు పౌండ్లు "ఫైవర్", పది "టెన్నర్", పౌండును "క్విడ్" అనీ అంటారు. మన టీచరు పౌండ్స్ అని బహువచనం నేర్పించి ఉంటారు, బజారులో మాత్రం "టూ పౌండ్, డార్లింగ్" అనే వినబడుతుంది. వాళ్లది తప్పు కాదు, మీరు నేర్చుకున్నదీ తప్పు కాదు. ఫిఫ్టీన్‌కీ ఫిఫ్టీకీ తేడా తెలియకపోతే మొహమాటపడకుండా "వన్ ఫైవ్, ఆర్ ఫైవ్ జీరో?" అని అడగండి. నేనిప్పటికీ అడుగుతాను.

డార్లింగ్ అన్నాను కదా, దాని సంగతి చెప్పాలి. మా అత్తయ్యగారు వచ్చినప్పుడు తీసుకెళ్లాను. చేపలమ్మే పెద్దాయన ఆవిడను చూసి "ఎస్ డార్లింగ్, వాట్ కెన్ ఐ గెట్ యూ?" అన్నాడు. ఆవిడ కొంగు సర్దుకుని నా వెనక్కి వచ్చేశారు. డార్లింగ్, లవ్, మై లవ్ ఇవన్నీ ఇక్కడ "ఏం కావాలమ్మా" అనేటప్పటి "అమ్మా" లాంటివి. అంతకుమించి ఏమీ లేదు. మగవాళ్లనైతే "మేట్", "బాస్" అంటారు.

ఇక అడగడం. మనవాళ్లు ఎక్కువమంది "గివ్ మీ వన్ బౌల్ టమాటో" అంటారు. మనకది మర్యాదగానే అనిపిస్తుంది. ఎందుకంటే తెలుగులో మన మర్యాదంతా "ఇవ్వండి"లోని "అండి"లో ఉంటుంది, "దయచేసి" అని బజారులో ఎవరంటారు? ఇంగ్లీషు "గివ్"కు ఆ తోక లేదు. కాబట్టి వాళ్ల చెవికి అది "ఇవ్వు" అని పడుతుంది. "కెన్ ఐ హావ్ ఎ బౌల్ ఆఫ్ టమాటోస్, ప్లీజ్?" అనండి. ఈ ఒక్క వాక్యాన్ని గట్టిగా పట్టుకోండి. టమాటో తీసేసి అల్లం పెట్టుకోండి, చేప పెట్టుకోండి, కాఫీ పెట్టుకోండి, లండన్‌లో సగం పనులు దీంతోనే అయిపోతాయి.

అది నాలుకకు అలవాటయ్యాక రెండో పాఠం గిన్నెను ఎంచుకోవడం. ముందు వరసలోవి కమిలినట్టు కనబడతాయి, వెనకున్నవి బాగుంటాయి. వేలు చూపించి ఊరుకోకండి. "నాట్ దిస్ వన్, ద వన్ బిహైండ్ ఇట్." "ద వన్ నెక్స్ట్ టు ద జింజర్." "ద బౌల్ ఎట్ ద బ్యాక్." పుస్తకంలో ప్రిపోజిషన్లు ఎన్నిసార్లు చదివినా నాకు తలకెక్కలేదు గానీ, మంచి బెండకాయల కోసం ఒక్క నెలలో వచ్చేశాయి. వాళ్లు చెప్పింది అర్థం కాకపోతే "వాట్?" అనకండి, దురుసుగా ఉంటుంది. గొంతు కాస్త పైకి లేపి "సారీ?" అంటే చాలు, మళ్లీ చెబుతారు.

పేర్లు కొన్ని మారతాయి. వంకాయను బ్రింజాల్ అంటే తెల్లవాళ్లకు తెలియదు, ఓబర్‌జీన్ అనాలి. బెండకాయ ఓక్రా. క్యాప్సికం పెప్పర్ అవుతుంది, మిరియాలూ పెప్పరే, సందర్భాన్ని బట్టి చూసుకోవాలి. సొరకాయ, మెంతికూర లాంటివి అమ్మేవాళ్లు చాలావరకు మన ఉపఖండం వాళ్లే కాబట్టి దూధీ, మేథీ అన్నా నడుస్తుంది. గోంగూరకు మాత్రం ఇంగ్లీషుతో పని లేదు, ఈస్ట్‌హామ్‌లో మన షాపులకు వెళ్లి గోంగూర అనే అడగండి.

రెండో మెట్టు చారిటీ షాపులు. ఆక్స్‌ఫామ్, బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ లాంటి సంస్థలవి దాదాపు ప్రతి హైస్ట్రీట్‌లోనూ (పేటలోని ప్రధాన బజారు వీధి) ఉంటాయి. జనం ఇచ్చేసిన బట్టలు, పుస్తకాలు, గిన్నెలు అమ్మి ఆ డబ్బు సేవకు వాడతారు. పాత బట్టలు మనకెందుకని ముఖం తిప్పుకోకండి. అక్కడ కౌంటర్లో జీతం లేకుండా పనిచేసే వాలంటీర్లు, ముఖ్యంగా రిటైరైన పెద్దవాళ్లు ఉంటారు. వాళ్లకు తొందర ఉండదు. పనిరోజు పొద్దున వెళితే షాపు ఖాళీగా ఉంటుంది. తెలియని వస్తువు ఏదో ఒకటి చేతిలోకి తీసుకుని "ఎక్స్‌క్యూజ్ మీ, వాట్ ఈజ్ దిస్ ఫర్?" అని అడగండి.

నేను ఒకసారి స్టీలు తీగల చట్రం లాంటిది చూసి ఉత్తరాలు పెట్టుకునే స్టాండనుకున్నాను. అడిగితే తెల్లజుట్టు ముసలావిడ అది టోస్ట్ రాక్ అని, కాల్చిన బ్రెడ్ ముక్కల్ని ఒకదానిమీద ఒకటి పడేస్తే ఆవిరి పట్టి మెత్తబడతాయని, అందుకే విడివిడిగా నిలబెడతారని చెప్పింది. తర్వాత వాళ్ల నాన్న మాడిన టోస్ట్ తప్ప తినేవాడు కాదని, వాళ్లమ్మకు అది చిరాకని చెప్పుకుంటూ పోయింది. నేను అన్నది నాలుగు "రియల్లీ?"లు, రెండు "ఓ నో!"లు. అయినా అది నా మొదటి అసలు సిసలు సంభాషణ. టోస్ట్ రాక్ రెండు పౌండ్లకు కొన్నాను. ఇప్పుడు అందులో నిజంగానే ఉత్తరాలు పెట్టుకుంటున్నాను.

ఈ రెండూ అలవాటయ్యాకే ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్. మార్బుల్ ఆర్చ్ నుంచి టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ దాకా దాదాపు రెండు కిలోమీటర్ల వీధి, దాని పొడవునా నాలుగు ట్యూబ్ స్టేషన్లు. 1909లో తెరిచిన సెల్ఫ్రిజెస్ అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ ఇక్కడిదే. కొనడానికి డబ్బు లేకపోయినా చూడొచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఆదివారం వెళ్లేవాళ్లు టైము చూసుకోండి. 280 చదరపు మీటర్లు దాటిన పెద్ద షాపులు ఆ రోజు పొద్దున పదికీ సాయంత్రం ఆరుకీ మధ్య ఆరు గంటలే తెరవాలని 1994 నాటి చట్టం.

ఇక్కడ నా పరువు పోయింది రెండుసార్లు. షాపులో ఒకమ్మాయి దగ్గరికొచ్చి "యూ ఆల్‌రైట్ దేర్?" అంది. బాగున్నారా అని పలకరిస్తోందనుకుని "ఐ యామ్ ఫైన్, థాంక్యూ, హౌ ఆర్ యూ? హౌ ఈజ్ యువర్ ఫ్యామిలీ?" అన్నాను. ఆ పిల్ల బిత్తరపోయింది. షాపులో ఆ మాటకు అర్థం "ఏమైనా కావాలా?" అని. "జస్ట్ లుకింగ్, థాంక్యూ" అంటే సరిపోతుంది. రెండోది మావారికి ప్యాంటు కొనేటప్పుడు. "పాంట్స్ ఫర్ మై హస్బెండ్, థర్టీ ఫోర్ సైజ్" అంటే తీసుకెళ్లి డ్రాయర్ల ముందు నిలబెట్టారు. ఇక్కడ పాంట్స్ అంటే లోపల వేసుకునేవి. మన ప్యాంటు ట్రౌజర్స్, మన బనీను వెస్ట్, స్వెట్టరు జంపర్.

ట్రయల్ రూమ్‌ను ఫిట్టింగ్ రూమ్ అంటారు. "డూ యూ హావ్ దిస్ ఇన్ ఎ సైజ్ ట్వెల్వ్?" అనేది ఆడవాళ్లకు పనికొచ్చే వాక్యం. బిల్లు కట్టే చోటు టిల్. "డూ యూ నీడ్ ఎ బ్యాగ్?" అంటే ఊరికే ఇస్తారని తలూపకండి, 2021 నుంచి ఇంగ్లండ్‌లో క్యారీబ్యాగుకు కనీసం పది పెన్నీలు.

వస్తువు వెనక్కివ్వడం కూడా నేర్చుకోండి. నేను కొన్న బూట్ల అడుగు పన్నెండో రోజుకే ఊడింది. తీసుకెళితే కౌంటర్లో కుర్రాడు ఎక్స్‌ఛేంజ్ మాత్రమే అన్నాడు. నేను ఏమీ అనలేక అవే బూట్లు మళ్లీ తెచ్చుకున్నాను, రాత్రి దుఃఖం వచ్చింది. తర్వాత తెలిసింది, వస్తువులో లోపముంటే కొన్న 30 రోజుల్లోపు డబ్బు వెనక్కి అడిగే హక్కు 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టంలో ఉందని. "ఇట్స్ ఫాల్టీ. ఐ'డ్ లైక్ ఎ రీఫండ్, ప్లీజ్" అనండి. గొంతు పెంచక్కర్లేదు, రసీదు చాలు. రంగు నచ్చలేదు, మనసు మారింది అంటే మాత్రం షాపు వాళ్ల ఇష్టం, వాళ్ల నియమాలు రసీదు మీద చదువుకోవాలి.

తినుబండారాలు అమ్మే బరో మార్కెట్‌కు ఒకసారి వెళ్లండి, సోమవారం మూసేస్తారు. ఖరీదు ఎక్కువ. చీజ్ అమ్మేవాళ్లు మాత్రం అడిగితే బోలెడు చెబుతారు, "కుడ్ ఐ ట్రై ఎ బిట్?" అంటే ముక్క కోసి ఇస్తారు కూడా. క్యామ్‌డెన్ మార్కెట్ నాకు నచ్చలేదు. తోపులాటలో మాట వినబడదు.

చివరి మెట్టు పోర్టబెల్లో రోడ్ బజారు. శనివారం పొద్దున్నే నాటింగ్ హిల్ గేట్ స్టేషన్లో దిగి నడవండి. ముందు పాతకాలపు వస్తువులు, తర్వాత పళ్లు కూరగాయలు, ఆ తర్వాత పాత బట్టలు వస్తాయి. బేరం ఆడాల్సింది ముందు భాగంలో. మన పద్ధతిలో చెప్పినదాంట్లో సగానికి అడిగితే మొహం తిప్పుకుంటారు. "ఈజ్ దట్ యువర్ బెస్ట్ ప్రైస్?" అని ఆగండి, వాళ్లే ఎంతోకొంత తగ్గిస్తారు. లేదా "వుడ్ యూ టేక్ ట్వెల్వ్ ఫర్ ఇట్?" అనండి. ఫోటో తీసుకోవాలంటే "డూ యూ మైండ్ ఇఫ్ ఐ టేక్ ఎ ఫోటో?" అని అడగాలి. "డూ యూ మైండ్" అంటే "మీకేమైనా అభ్యంతరమా" అని, కాబట్టి వాళ్లు "నో" అంటే తీసుకోమని! నేను మొదటిసారి "సారీ" చెప్పి ఫోను బ్యాగులో పెట్టేసుకున్నాను, అమ్మే ఆయనకు ఏమీ అర్థం కాలేదు.

అక్కడే ఒక బల్లమీద ఇత్తడి చెంబు కనబడింది. దానికి చీటీ కట్టి ఉంది, ఇండియన్ వాటర్ పాట్, ముప్పై అయిదు పౌండ్లు. నవ్వాపుకోలేకపోయాను. అమ్మేవాడు ఏంటన్నట్టు చూశాడు. "మై గ్రాండ్‌మదర్ హాజ్ సిక్స్ ఆఫ్ దీజ్" అన్నాను. దీన్నెలా వాడతారని అడిగాడు. అంచుకు పెదవి తగలకుండా తలెత్తి నోట్లో నీళ్లు ఎలా పోసుకుంటామో, చింతపండుతో ఎలా తోముతామో, భోజనాలప్పుడు చేతులు కడగడానికి ఎలా పోస్తామో అన్నీ చెప్పాను. చింతపండుకు ఇంగ్లీషు మాట చప్పున తట్టక "ద సవర్ బ్రౌన్ థింగ్" అన్నాను, ఆయనే "టామరిండ్?" అని అందించాడు. పావుగంట మాట్లాడుకున్నాక ఇరవై అయిదుకు ఇస్తానన్నాడు. తీసుకోలేదు. అమ్మమ్మ ఇంట్లో అటకమీద ఆరున్నాయి, ఏడోది ఎందుకు?