బుల్లి కోడ్‌తో బొమ్మ: పోటీకి కూర్చునే ముందు

విజయనగరం గంటస్తంభం ఫొటోకు వీలైనంత దగ్గరగా ఉండే బొమ్మను అతి చిన్న ప్రోగ్రాంతో గీసే పోటీకి దిగబోతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందు ఇవి చూసుకోండి.

ప్రోగ్రాం పొడవుకు పరిమితి అక్షరాల్లోనా, బైట్లలోనా (ఫైలు సైజు కొలిచే యూనిట్లు)? అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు. ‘స్తం’ అని రాస్తే స, పొల్లు, త, సున్న అని నాలుగు సంకేతాలు, అంటే 12 బైట్లు పోయినట్టే. విండోస్‌లో లైను మారితే మామూలుగా 2 బైట్లు, లినక్స్‌లో 1.

మార్కులు ఎలా వేస్తారో తెలియకుండా ఒక్క గీత కూడా గీయొద్దు. మీ బొమ్మకూ ఫొటోకూ ఒక్కో పిక్సెల్ (రంగు చుక్క) దగ్గర ఉన్న తేడాను వర్గం చేసి (దానితోనే గుణించి) కూడేటట్టయితే, ఒకే రంగు పూసే చోట ఆ భాగపు సగటు రంగును మించింది లేదు. అందుకే పెద్ద భాగాలతో మొదలుపెట్టండి: ముందు ఆకాశం, తర్వాత స్తంభం, ఆపైన రోడ్డు. గడియారం ముళ్లు కంటికి ముద్దే గానీ వాటికయ్యే బైట్లకు తగ్గ మార్కులు రావు. మనసొప్పకపోయినా వదిలేయండి.

రాండమ్ (యాదృచ్ఛిక) సంఖ్యలు వాడితే సీడ్‌ను (అవి మొదలయ్యే సంఖ్యను) స్థిరంగా పెట్టండి, లేకుంటే ప్రతిసారీ వేరే బొమ్మ వస్తుంది. నిర్ణేతలు వాడే ప్రోగ్రామింగ్ భాష వెర్షన్‌లోనే నడిపి చూడాలి.

ఫలితం పీఎన్‌జీ ఫార్మాట్ బొమ్మగా సేవ్ చేయండి. జేపెగ్ పిక్సెల్ విలువలను మార్చేస్తుంది. కొలతలు అసలు ఫొటోతో సరిపోవాలి.

మంచి రంగుల కోసం వెతకడానికి మీరు విడిగా రాసుకునే ప్రోగ్రాం గంటల తరబడి నడుస్తుంది. దొరికిన మెరుగైన ఫలితాన్ని ఎప్పటికప్పుడు ఫైల్లో రాయించండి, కరెంటు పోయినా మిగులుతుంది.