పెంకుటింటి త్రికోణపు గోడను కంప్యూటర్లో నిలబెట్టడం ఎలా?

విశాఖలో ఇప్పుడు లేస్తున్నవి దాదాపు అన్నీ స్లాబు ఇళ్లే. అందుకే ఇక్కడ డ్రాఫ్టింగ్ నేర్చుకున్న మాలాంటి వాళ్లకు వాలు కప్పు అంత తొందరగా చేతికి రాదు. భీమిలి దగ్గర మా బాబాయి రెండు గదుల పెంకుటిల్లు కట్టుకుంటానన్నప్పుడు నేను రెవిట్‌లో (ఇంటి త్రీడీ మోడల్ కట్టే సాఫ్ట్‌వేర్) ముందు గోడలు నిలబెట్టాను, రెండు చివర్లా త్రికోణాలు చేత్తో గీశాను, పైన కప్పు పెట్టాను. చూడ్డానికి బాగానే ఉంది. వారం తర్వాత వాలు కాస్త తగ్గించమన్నాడు. కప్పు దిగింది, గోడలు దిగలేదు. "ఇదేటిరా, గోడ పెంకుల్ని చీల్చుకుని బయటికొచ్చీసింది?" అన్నాడు స్క్రీన్ చూసి.

రెండు వైపులా వాలిన కప్పు ఇంటి చివర ఆగిపోయే చోట, దాని కింద గోడ మీద మిగిలే త్రికోణమే గేబుల్. కప్పు మారితే అదీ మారాలి. కాబట్టి ముందు కప్పు గీయాలి, గోడను దానికి అతికించాలి. కింది పద్ధతంతా దీని మీదే నడుస్తుంది.

ముందు కాగితం మీద లెక్క

మూడు అంకెలు చాలు: ఇంటి వెడల్పు, గోడ ఎత్తు, కప్పు వాలు. బాబాయి ఇల్లు బయటి అంచు నుంచి బయటి అంచుకు 6 మీటర్లు, గోడ ఎత్తు 3 మీటర్లు, వాలు 30 డిగ్రీలు. వెడల్పులో సగం 3 మీటర్లు. దాన్ని 30 డిగ్రీల టాన్ విలువ 0.577తో గుణిస్తే 1.73 మీటర్లు. అంటే గోడ తల మీద త్రికోణం అంత ఎత్తు లేస్తుంది, దాని కొన నేల నుంచి 4.73 మీటర్ల దగ్గర ఉంటుంది. అదే 25 డిగ్రీలైతే 1.40, 35 డిగ్రీలైతే 2.10 మీటర్లు. ఈ 4.73 అంకెను పక్కన రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

రెవిట్‌లో

నాలుగు గోడలూ ఒకే ఎత్తులో, 3 మీటర్లకు గీయండి. త్రికోణం ఊసే వద్దు. అదే ఎత్తులో కప్పు కోసం ఒక లెవెల్ (ఎత్తు గుర్తు) పెట్టి, ఆ లెవెల్ ప్లాన్ తెరవండి. కింది గోడలు కనపడకపోతే ప్రాపర్టీస్‌లో అండర్‌లే దగ్గర కింది లెవెల్ ఎంచుకోవాలి.

తర్వాత కప్పు గీసే 'రూఫ్ బై ఫుట్‌ప్రింట్' కమాండ్ తీసుకోండి. గీతలు చేత్తో గీయకుండా 'పిక్ వాల్స్' వాడండి. చూరు ఎంత బయటికి రావాలో పైన ఓవర్‌హ్యాంగ్ గడిలో ఇవ్వండి. మన వానలకు నేను 600 మిల్లీమీటర్లు ఇచ్చాను. నాలుగు గోడల మీదా క్లిక్ చేస్తే నాలుగు గీతలు వస్తాయి, వాలు ఉన్న ప్రతి గీత పక్కనా చిన్న త్రికోణం గుర్తు కనిపిస్తుంది. గేబుల్ రావాల్సిన రెండు గీతల్నీ ఎంచుకుని 'డిఫైన్స్ స్లోప్' టిక్కు తీసేయండి. ఇది మరిచిపోతే నాలుగు వైపులా వాలే కప్పు వస్తుంది. మిగిలిన రెండింటికీ 30 డిగ్రీలు ఇచ్చి ముగించండి.

గోడల్ని కప్పుకు అతికించమంటారా అని అప్పుడే అడిగితే సరే అనండి. అడగకపోతే గోడలు ఎంచుకుని 'అటాచ్ టాప్/బేస్' నొక్కి, టాప్ ఉంచి, కప్పు మీద క్లిక్ చేయండి. చివరి గోడలు రెండూ వాటంతటవే పైకి లేచి త్రికోణమవుతాయి. గోడ ఆకారాన్ని చేత్తో మార్చే 'ఎడిట్ ప్రొఫైల్‌'తో గీసినా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. నేను మోసపోయింది అక్కడే.

ఇప్పుడు ఒక సెక్షన్ (ఇంటిని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) తీసి, కొన దగ్గర గోడ ఎత్తు కొలవండి. నాకు 4.73 బదులు 4.60 వచ్చింది. అరగంట తల పట్టుకున్నాక అర్థమైంది. కప్పు ప్రాపర్టీస్‌లో 'రాఫ్టర్ ఆర్ ట్రస్' అని ఒకటుంటుంది. రాఫ్టర్ అని ఉంటే కప్పు అడుగు భాగం గోడ లోపలి అంచు నుంచి లేస్తుంది, ట్రస్ అని ఉంటే బయటి అంచు నుంచి. మనది తొమ్మిదంగుళాల గోడ, అంటే 230 మిల్లీమీటర్లు. దాన్ని 0.577తో గుణిస్తే 13 సెంటీమీటర్లు. తేడా సరిగ్గా అంతే! వాసాలు గోడ మీద ఎక్కడ కూర్చుంటాయో మేస్త్రీని అడిగి, దాన్నిబట్టి ఎంచుకోండి. ఇది చూడకుండా ప్లాన్ ఇచ్చేస్తే సైటులో మేస్త్రీ కొలతకీ మీ కాగితానికీ 13 సెంటీమీటర్ల తగవు.

రెవిట్ లేకపోతే

స్కెచప్ అనే మరో త్రీడీ సాఫ్ట్‌వేర్లో పని ఇంకా తేలిక. పెట్టెలా ఇల్లు లేపి, దాన్ని గ్రూప్ చేయకముందే పై ముఖం మీద ఒక చివరి అంచు మధ్య నుంచి రెండో చివరి అంచు మధ్యకు గీత గీయండి. మధ్య బిందువు దగ్గర లేత నీలం చుక్క పడుతుంది. ఆ గీతను ఎంచుకుని, మూవ్ తీసుకుని, కీబోర్డులో పైకి బాణం నొక్కి జరిపి 1.73m అని టైప్ చేసి ఎంటర్ నొక్కితే కప్పు, గేబుళ్లు ఒకేసారి తయారు. కాకపోతే గోడకు మందం ఉండదు, ఇంట్లోవాళ్లకు చూపించడానికి మాత్రం చాలు.

ఉచితంగా దొరికే స్వీట్ హోమ్ త్రీడీలో చివరి గోడను మధ్యలో రెండుగా విడగొట్టి, వాలు గోడ ఎంపికలో ఒక ముక్కకు 3 నుంచి 4.73 అనీ, రెండోదానికి 4.73 నుంచి 3 అనీ ఇవ్వాలి. గోడ ఏ వైపు నుంచి గీశారో బట్టి మొదలు, చివర తారుమారవుతాయి. కప్పు అది వేసిపెట్టదు, విడిగా తెచ్చి పెట్టుకోవాల్సిందే.

మన ఊరి గాలి సంగతి

భారతీయ ప్రమాణాల్లో విశాఖకు ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన రోజు ఊళ్లో ఉన్నవాళ్లకు ఆ అంకె వేరే వివరించక్కర్లేదు. పైన పట్టు లేకుండా నిలబడ్డ ఇటుక త్రికోణాన్ని గాలి తోసేయగలదు. అందుకే గోడ తల మట్టంలో ఒకటి, త్రికోణం రెండు వాలుల వెంట ఒకటి కాంక్రీటు బ్యాండు వేస్తారు. మోడల్లో దాన్ని విడి బీములుగా పెట్టండి, గోడలో కలిపేస్తే కొలతల పట్టికలో కాంక్రీటు లెక్క రాదు. ఎంత మందం, ఎంత ఇనుము అన్నది ఇంజినీర్ చెప్పాలి. కప్పు కింద వేడి, తేమ పట్టకుండా త్రికోణంలో ఒక జాలీ కూడా పెట్టుకోండి. పెట్టాక సెక్షన్లో అది వాలు బ్యాండును తాకుతోందేమో చూడండి. నాది తాకింది, కిందికి దించాను.

ఆఖరున ఒక పరీక్ష. కప్పు వాలును 25 డిగ్రీలకు మార్చి గోడ కొన ఎత్తు చూడండి. ట్రస్ పెట్టుకుని ఉంటే 4.40 రావాలి. వస్తే మళ్లీ 30కి తెచ్చి సేవ్ చేయండి. గోడ పెంకుల పైకి పొడుచుకొస్తే అది కప్పుకు అతుక్కోలేదన్నమాట, 'అటాచ్' దగ్గరికి వెనక్కి వెళ్లండి.