దసరా సెలవుల్లో హైదరాబాద్ జూ సఫారీకా? బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

సోమవారం మాత్రం వద్దు. నెహ్రూ జూ పార్కుకు ఆ రోజు సెలవు. విజయవాడ నుంచి సుమారు 270 కిలోమీటర్లు వెళ్లి గేటుకి తాళం చూసి రావాలి. పిల్లల ఏడుపు అదనం.

సఫారీకి మన కారు పనికిరాదు. సింహాల దగ్గరికి జూ బండిలోనే తీసుకెళ్తారు, టికెట్ వేరు. లోపలికి వెళ్లగానే ముందు ఆ క్యూ పట్టుకోండి. పాములు, పక్షులు ఎక్కడికీ పోవు.

తెల్లవారుజామున 4 కల్లా విజయవాడలో మన కారు కదలాలి. ఎండెక్కితే సింహాలు నీడన పడుకుంటాయి, తోక తప్ప ఏమీ కనపడదు.

పులిహోర స్టీలు డబ్బాలో. ప్లాస్టిక్ లోపలికి రానివ్వరు.

తాతయ్య, నానమ్మ వస్తుంటే బ్యాటరీ బండి ఎక్కించండి. మొత్తం 380 ఎకరాలు, నడిచేది కాదు.