దారి లేని కొండ ఎక్కడం – 4వ పాఠం: దిగేటప్పుడు కొండ చీలుతుంది

పోయిన పాఠంలో వానపడ్డాక ఏటిగట్టు ఎక్కి దిగి ప్రాక్టీస్ చేయమన్నాను. చేసినవాళ్లకి ఒకటి అర్థమై ఉంటుంది. జారతామని భయమేయగానే ఒళ్లు గట్టువైపు వాలుతుంది, వాలిన మరుక్షణం కాలు జారుతుంది. నిటారుగా నిలబడి బరువంతా పాదాల మీదే ఉంచాలి. వరిగట్ల మీద బొటనవేలు గుచ్చి నడిచిన కాళ్లకి ఇది కొత్త కాదు. కొండ మీద ఎక్కేటప్పుడు అదే పని బూటు అంచుతో, దిగేటప్పుడు మడమతో చేస్తాం.

ఇక దారి సంగతి. కోనసీమలో పుట్టినవాళ్లకి నీళ్ల మీద నమ్మకం ఎక్కువ. దారి తప్పితే కాలవ గట్టు పట్టుకుంటాం, ఏదో ఒక ఊరు తగులుతుంది. రంపచోడవరం, మారేడుమిల్లి వైపు కొండల్లో ఈ నమ్మకమే కొంప ముంచుతుంది. అక్కడ వాగు వెంట దిగితే రాళ్లు నున్నగా, పాచిపట్టి ఉంటాయి. ఎక్కడో ఒకచోట వాగు జలపాతమై కిందికి దూకుతుంది. మనం దూకలేం. పైన ఎక్కడో కుండపోత పడితే, మన నెత్తిన చినుకు లేకపోయినా వాగు పొంగుతుంది.

అందుకని వెన్ను మీద ఎక్కండి. రెండు వాగుల మధ్య ఎత్తుగా సాగే కొండ వీపునే వెన్ను అంటున్నాను. పొద, ముల్లు ఉన్నా సరే. ఎక్కేటప్పుడు పెద్దగా తప్పిపోయేది ఉండదు, చిన్న వెన్నులన్నీ పైకి పోయేకొద్దీ ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. చిక్కంతా దిగేటప్పుడే. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్టలుగా చీలినట్టు, పి.గన్నవరం దగ్గర వశిష్ట నుంచి వైనతేయ విడిపోయినట్టు, కొండ వెన్ను కిందికి వచ్చేకొద్దీ చీలుతూ పోతుంది. ఒక్క చీలిక దగ్గర పొరబడితే అంతర్వేదికి పోవాల్సినవాళ్లు ఓడలరేవులో తేలతారు. మంచులో ఇరవై అడుగుల అవతల ఏమీ కనిపించనప్పుడు చీలిక వచ్చిందని కూడా తెలియదు.

నేను ఒకసారి అలాగే దిగాను. కుడివైపు వెన్ను కాస్త వెడల్పుగా, నడవడానికి హాయిగా ఉంది. అరగంటకి నీళ్ల చప్పుడు వినిపించింది, హమ్మయ్య అనుకున్నాను. ఇంకాస్త దిగితే కాళ్ల ముందు నేల లేదు, కింద నుంచి తుంపర మొహానికి కొడుతోంది. మళ్లీ చీలికదాకా ఎక్కేసరికి గంటన్నర పట్టింది.

కాబట్టి ఎక్కేటప్పుడే దిగడానికి సిద్ధపడాలి. పక్క నుంచి ఇంకో వెన్ను వచ్చి కలిసిన ప్రతిచోటా ఆగి, వెనక్కి తిరిగి చూడండి. తిరుగు ప్రయాణంలో కంటికి కనబడేది ఆ బొమ్మే. పాత చీర అంచు చింపిన గుడ్డపీలిక ఒకటి, దిగి వచ్చేవాడికి కనబడేలా, కళ్ల ఎత్తున కట్టండి. వచ్చేటప్పుడు విప్పుకురండి, అడవిలో వదిలేయొద్దు. దిక్సూచితో వెన్ను ఏ దిక్కుకి సాగుతోందో చూసుకోండి: పడమరకి ఎక్కితే దిగడం తూర్పుకి. ఫోన్ ఉందిగా అంటారా? తడి వేలికి స్క్రీన్ పలకదు.

వెంట తీసుకెళ్లేవి తక్కువే. కర్ర, చిన్న బరకం, తాడు, బెల్లం, నీళ్లు, పాలిథిన్ కవర్లో మూటకట్టిన పొడి చొక్కా ఒకటి. చొక్కా నడిచేటప్పుడు వేసుకునేది కాదు, ఆగిపోవాల్సి వచ్చినప్పటికి. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. తడిబట్టలు, గాలి తోడైతే మన చలి ఎరగని ఒంటికి వణుకు పుడుతుంది. వేళ్లు ముడి వేయలేకపోతున్నాయంటే శిఖరం మాట మర్చిపోయి దిగడం మొదలుపెట్టండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్పై లెక్కపెట్టేలోపు చప్పుడు వినిపిస్తే వెన్ను మీద నిలబడొద్దు, పక్క వాలులోకి దిగండి, ఒంటరి చెట్టు కిందికి మాత్రం వద్దు. పాపికొండల జాతీయ పార్కు పరిధిలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగుపెట్టొద్దు.

ఈ వారం హోంవర్క్‌కి కొండ అక్కర్లేదు. మీకు తెలియని పుంతలో సాయంత్రం ఒక గంట నడవండి. దారి చీలిన ప్రతిచోటా వెనక్కి తిరిగి, ఒక్క గుర్తు మాత్రం మనసులో పెట్టుకోండి: వంగిన కొబ్బరిచెట్టో, గడ్డిమేటో. చీకటి పడ్డాక ఎవరినీ అడక్కుండా అదే దారిన ఇంటికి రండి. ఎక్కడ పొరబడ్డారో కాగితం మీద రాసుకోండి. వచ్చే పాఠంలో బరకం, తాడుతో వానలో రాత్రి గడపడం నేర్చుకునేటప్పుడు ఆ కాగితం మళ్లీ తీద్దాం.