ఇంగ్లీష్‌లో పార్ట్స్ ఆఫ్ స్పీచ్ ఎలా నేర్చుకోవాలి?

నౌన్ అంటే పేరు, వెర్బ్ అంటే పని, అడ్జెక్టివ్ అంటే గుణం. బడికి వెళ్లిన ఎవరిని అడిగినా పార్ట్స్ ఆఫ్ స్పీచ్ (భాషాభాగాలు) గురించి ఈ నిర్వచనాలు గడగడా చెప్పేస్తారు. అదే ఒక వాక్యం చూపించి ఇందులో అడ్వర్బ్ ఏది అంటే మాత్రం టెన్షన్ మొదలవుతుంది. మాటను విడిగా చూసి దానికి పేరు పెట్టేద్దామని చూడటం వల్లే ఈ చిక్కు.

"లైట్" అనే మాటే తీసుకోండి. "టర్న్ ఆఫ్ ద లైట్" అన్నప్పుడు అది నౌన్. "లైట్ ద ల్యాంప్" అంటే వెర్బ్. "ఎ లైట్ బ్యాగ్" అంటే అడ్జెక్టివ్. "షీ ట్రావెల్స్ లైట్" అంటే అడ్వర్బ్. వాక్యంలో ఏ పని చేస్తోందో చూడకుండా "లైట్" ఏ పార్ట్ ఆఫ్ స్పీచ్ అని అడిగితే జవాబు చెప్పలేం. అందుకే మాటల జాబితాలు బట్టీ పట్టడం మానేసి, వాక్యంతో మొదలుపెట్టండి.

బడి పుస్తకాల లెక్క ప్రకారం పార్ట్స్ ఆఫ్ స్పీచ్ 8: నౌన్, ప్రొనౌన్, వెర్బ్, అడ్జెక్టివ్, అడ్వర్బ్, ప్రిపోజిషన్, కంజంక్షన్, ఇంటర్జెక్షన్. ఈ విభజన ప్రాచీన గ్రీకు, లాటిన్ వ్యాకరణాల నుంచి వచ్చింది. గ్రీకువాళ్ల ఎనిమిదింటిలో ఆర్టికల్ (ఇంగ్లీష్ "ఎ", "ద" లాంటిది) కూడా ఒకటి. లాటిన్‌లో ఆర్టికల్సే లేవు కాబట్టి అక్కడ ఆ స్థానంలో ఇంటర్జెక్షన్ చేరింది. ఇంగ్లీష్‌లో ఆర్టికల్స్ ఉన్నా లెక్క మాత్రం ఎనిమిదే మిగిలింది. "ఎ", "యాన్", "ద" లను కొన్ని పుస్తకాలు అడ్జెక్టివ్స్‌లో కలిపేస్తాయి, ఇప్పటి కొన్ని డిక్షనరీలు డిటర్మినర్స్ అని విడిగా చూపిస్తాయి. పరీక్ష రాసేవాళ్లు మీ పుస్తకం ఏది చెబితే అదే రాయండి, ఈ తగువులోకి దిగొద్దు.

1. ముందు వెర్బ్‌ను పట్టుకోండి

తెలుగులో క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది. ఇంగ్లీష్ మామూలు వాక్యంలో కర్త అవగానే వెర్బ్ వచ్చేస్తుంది. అది దొరికితే మిగతా మాటలు వాటంతట అవే సర్దుకుంటాయి.

వెర్బ్‌ను పట్టుకోవడానికి తేలికైన ఉపాయం కాలం మార్చి చూడటం. వాక్యాన్ని నిన్నటికి తీసుకెళ్లండి. "షీ వర్క్స్ హియర్" కాస్తా "షీ వర్క్‌డ్ హియర్" అవుతుంది. మారింది ఏ మాటో అదే వెర్బ్. "దే కట్ ద పేపర్" లాంటి చోట "కట్" నిన్నటికీ "కట్" గానే ఉంటుంది. అప్పుడు రేపటికి తీసుకెళ్లండి, "విల్" ఏ మాట ముందు చేరుతుందో చూడండి.

"ఈజ్", "ఆర్" లాంటివి వెర్బ్‌లంటే తెలుగువాళ్లకు ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు. "ఆమె డాక్టర్" అంటే మనకు వాక్యం పూర్తయిపోయింది, క్రియ అక్కర్లేదు. ఇంగ్లీష్ అలా ఊరుకోదు, "షీ ఈజ్ ఎ డాక్టర్" అనాలి. పైగా "ఈజ్" లో పనేమీ కనిపించదు. కానీ నిన్నటికి మార్చితే "ఈజ్" కాస్తా "వాజ్" అవుతుంది. ఇంకేం, వెర్బే.

2. నౌన్, ప్రొనౌన్

వెర్బ్ దొరికాక దాన్ని ఎవరు, ఏది అని ప్రశ్నించండి. వచ్చే జవాబులో నౌన్ గానీ ప్రొనౌన్ గానీ ఉంటుంది. అనుమానం వస్తే ముందు "ద" లేదా "మై" పెట్టి చూడండి. "మై హ్యాపీనెస్" కుదురుతుంది, "మై హ్యాపీ" అని ఆగిపోతే కుదరదు. మనుషుల పేర్లకు, ఊళ్ల పేర్లకు మాత్రం ఈ పరీక్ష పనిచేయదు, అవి ఎలాగూ నౌన్సే.

ప్రొనౌన్స్ కొన్నే, చదువుతూ ఉంటే అవే అలవాటవుతాయి. ఒక్క తేడా గమనించండి: "మైన్" ఒంటరిగా నిలబడుతుంది కాబట్టి ప్రొనౌన్, "మై" పక్కన మాత్రం నౌన్ ఉండి తీరాలి.

3. అడ్జెక్టివా, అడ్వర్బా?

ఎక్కువమంది పడేది ఇక్కడే, కాబట్టి ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. అడ్జెక్టివ్ నౌన్ గురించి చెబుతుంది. అడ్వర్బ్ వెర్బ్ గురించో, అడ్జెక్టివ్ గురించో, ఇంకో అడ్వర్బ్ గురించో చెబుతుంది. మనల్ని దారి తప్పించేది తెలుగు "గా". "కోపంగా కనిపించింది", "కోపంగా చూసింది" రెండింట్లోనూ మనకు ఒకే "గా". ఇంగ్లీష్‌లో మొదటిది "షీ లుక్‌డ్ యాంగ్రీ". ఇక్కడ "యాంగ్రీ" ఆమె ఎలా ఉందో చెబుతోంది, అడ్జెక్టివ్. రెండోది "షీ లుక్‌డ్ యాంగ్రిలీ ఎట్ హిమ్". చూపు ఎలా ఉందో చెబుతోంది, అడ్వర్బ్. "గా" వచ్చింది కదా అని "లీ" తగిలించేస్తే తప్పులో కాలేసినట్టే.

దీనికో పరీక్ష ఉంది. వెర్బ్ తీసేసి ఆ చోట "ఈజ్" పెట్టండి. "షీ ఈజ్ యాంగ్రీ" అన్నప్పుడు అర్థం దాదాపు అలాగే నిలిస్తే అక్కడ కావాల్సింది అడ్జెక్టివ్. "లుక్", "ఫీల్", "సౌండ్", "సీమ్", "బికమ్" లాంటి వెర్బ్‌ల దగ్గర ఇది బాగా ఆదుకుంటుంది.

"లీ" ని గుడ్డిగా నమ్మొద్దు. "ఫ్రెండ్లీ", "లోన్లీ", "లవ్లీ" అడ్జెక్టివ్స్. "ఫాస్ట్" కు "లీ" చేరదు, రెండు పనులూ అదే చేస్తుంది. "హార్డ్" మరీ ప్రమాదం. "హీ వర్క్స్ హార్డ్" అంటే కష్టపడి పనిచేస్తాడు, "హీ హార్డ్లీ వర్క్స్" అంటే పనే చేయడు అన్నంత పని. ఉద్యోగ దరఖాస్తులో ఈ రెండూ తారుమారు కాకుండా చూసుకోండి.

4. చిన్న మాటలు: తర్వాత ఏముందో చూడండి

మన విభక్తులు నామవాచకం తర్వాత వస్తాయి, ప్రిపోజిషన్ నౌన్‌కు ముందు వస్తుంది. "టేబుల్ మీద" అంటాం మనం, "ఆన్ ద టేబుల్" అంటుంది ఇంగ్లీష్. కంజంక్షన్ మాటల్ని, వాక్యాల్ని కలుపుతుంది. తిరకాసు ఏంటంటే ఒకే మాట రెండు వేషాలూ వేస్తుంది.

"బిఫోర్ ద మీటింగ్" లో తర్వాత నౌన్ ఉంది, ప్రిపోజిషన్. "బిఫోర్ షీ లెఫ్ట్" లో తర్వాత కర్త, వెర్బ్ ఉన్న వాక్యమే ఉంది, కంజంక్షన్. "ఐ హ్యావ్ సీన్ హిమ్ బిఫోర్" లో తర్వాత ఏమీ లేదు, అడ్వర్బ్. "ఆఫ్టర్", "సిన్స్" లకూ ఇదే కొలమానం.

ఇంటర్జెక్షన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. "ఓ!", "వావ్!" లాంటివి, తీసేసినా వాక్యం చెక్కుచెదరదు.

5. అర్థం లేని వాక్యంతో ఆడుకోండి

"ద జోపీ బ్లిక్స్ ట్రాండెడ్ ఫెంప్లీ." ఇందులో "ద" తప్ప ఒక్కటీ నిజమైన మాట కాదు, నేనే కల్పించాను. అయినా "ట్రాండెడ్" వెర్బ్ అని చివరి "ఎడ్" చెప్పేస్తోంది. దాని ముందున్న "బ్లిక్స్" నౌన్, "ద" కూ నౌన్‌కూ మధ్య ఇరుక్కున్న "జోపీ" అడ్జెక్టివ్, వెర్బ్ తర్వాత "లీ" తో వచ్చిన "ఫెంప్లీ" అడ్వర్బ్. మాట ఉన్న చోటు, దాని తోక ఎంత సమాచారం ఇస్తాయో ఇలాంటి వాక్యాలు మీరే నాలుగైదు కల్పించుకుంటే తెలిసిపోతుంది. "నెస్", "మెంట్", "షన్" తో ముగిసేవి ఎక్కువగా నౌన్స్. "ఫుల్", "లెస్", "అస్" తో ముగిసేవి ఎక్కువగా అడ్జెక్టివ్స్.

కొన్ని మాటల్లో ఉచ్చారణ కూడా సాయపడుతుంది. "పర్మిట్" లో మొదటి భాగం ఒత్తి పలికితే నౌన్, రెండో భాగం ఒత్తితే వెర్బ్. "రికార్డ్", "ప్రెజెంట్" లాంటివీ అంతే.

6. రోజూ ఒక పేరా

ఏదైనా ఇంగ్లీష్ వార్త నుంచి ఒక పేరా తీసుకోండి. మొదట కొన్ని రోజులు వెర్బ్‌ల కిందే గీతలు గీయండి, వేరేవి ముట్టుకోవద్దు. అవి తడబడకుండా దొరుకుతున్నాయి అనిపించాక నౌన్స్, ఆ తర్వాత అడ్జెక్టివ్, అడ్వర్బ్ లు. చిన్న మాటలు ఆఖరున. ఎనిమిదీ ఒకేసారి మొదలుపెడితే రెండో రోజే విసుగొస్తుంది. మీ జవాబు రాసుకున్నాకే డిక్షనరీ తెరవండి. ఒక మాటకు అక్కడ మూడు నాలుగు పార్ట్స్ ఆఫ్ స్పీచ్ కనిపిస్తే, పక్కనున్న ఉదాహరణ వాక్యాల్లో మీ వాక్యాన్ని పోలింది ఏదో వెతకండి.

చేయి తిరిగాక "రౌండ్" అనే మాటతో ప్రయత్నించండి. నౌన్, వెర్బ్, అడ్జెక్టివ్, అడ్వర్బ్, ప్రిపోజిషన్, ఐదు పనులూ చేస్తుంది. ఒక్కోదానికి ఒక్కో సొంత వాక్యం రాసి, డిక్షనరీతో సరిచూసుకోండి.